వైరస్ ప్రోటీన్ల పొత్తును చెరిపే చిరు అణువులు

వైరస్‌కు సొంత వంటిల్లు ఉండదు. పరాయి కణంలో దూరి, అక్కడి పొయ్యి మీదే వండుకుని, అక్కడి సరుకుతోనే సంసారం పెంచుకుంటుంది. దానికున్న సొంత సరంజామా చాలా తక్కువ. డెంగీ వైరస్‌కు పది ప్రోటీన్లు, హెచ్‌ఐవీకి పదిహేను. ఇంత తక్కువతో నెగ్గుకు రావడానికి కారణం ఆ ప్రోటీన్లు ఒంటరిగా పనిచేయకపోవడమే. ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, లేదా మన కణంలోని ప్రోటీన్లను పట్టుకుంటాయి. కణం తలుపు తెరిపించడం, జన్యుపదార్థానికి నకళ్లు తీయడం, కొత్త వైరస్‌ను కూర్చి బయటికి పంపడం, అన్నీ ఈ పట్టుల మీదే నడుస్తాయి. ఆ పట్టు పడనివ్వకుండానో, పడిన పట్టును పనికిరాకుండా చేసో వైరస్‌ను అడ్డుకునే చిన్న రసాయన అణువుల గురించి ఈ వ్యాసం.

వైరస్ మందుల్లో పాత తరానివి చాలావరకు ఎంజైమ్‌ల మీద పనిచేస్తాయి. ఎసైక్లోవిర్, జిడోవుడిన్, సోఫోస్బువిర్ లాంటివి వైరస్ నకళ్లు తీసే యంత్రంలో నకిలీ సరుకులా దూరి దాన్ని ఆపుతాయి. ఎంజైమ్‌కు సహజంగానే ఒక గుంట ఉంటుంది, మందు ఆ గుంటలో కూర్చుంటుంది. ప్రోటీన్ల పొత్తు చెరిపే మందుకు అలాంటి సిద్ధమైన పీట ఉండదు. అందుకే ఈ తరగతి ఇంత ఆలస్యంగా వైద్యంలోకి వచ్చింది.

చిరు అణువు అనే మాటకూ ఒక హద్దు ఉంది. మామూలుగా 500 డాల్టన్ల లోపు బరువున్న, మాత్రగా మింగితే పేగుల్లోంచి రక్తంలోకి చేరగల, రియాక్టర్‌లో రసాయన చర్యలతో తయారయ్యే పదార్థాన్ని అలా పిలుస్తారు. ప్రతిరక్షకం, అంటే యాంటీబాడీ, బరువు దాదాపు లక్షన్నర డాల్టన్లు. దాన్ని సూదితో ఎక్కించాలి, చల్లదనంలో దాచాలి. గోదావరి సీమకు చిరు అణువు శక్తి కొత్త సంగతేమీ కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధన నుంచి 1947లో డైఇథైల్‌కార్బమజీన్ వచ్చింది. బోదకాలు నివారణకు ఉభయ గోదావరి జిల్లాల్లో ఏళ్ల తరబడి ఇంటింటికీ పంచిన మాత్ర అదే. దాని బరువు 200 డాల్టన్లు కూడా లేదు.

వెడల్పాటి ముఖం, ఇరుకైన గండి

రెండు ప్రోటీన్లు కలిసినప్పుడు వాటి మధ్య తగిలే ప్రదేశం సాధారణంగా 1,500 నుంచి 3,000 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా ఉంటుంది. చిరు అణువు కప్పగలిగేది అందులో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు. పైగా ఆ ప్రదేశం పెద్దగా ఎత్తుపల్లాలు లేకుండా చదునుగా ఉంటుంది, ఎక్కడా కాలు నిలదొక్కుకునే చోటు కనిపించదు. మందుల పరిశ్రమ చాలాకాలం ఈ లెక్క చూసే వీటికి మందు తయారు కాదని తీర్మానించుకుంది.

ఆ తీర్మానం ఎక్కడ తప్పిందో అర్థం చేసుకోవడానికి పోలవరం దగ్గర నిలబడి గోదావరిని చూస్తే చాలు. కిందికి ధవళేశ్వరం వైపు చూస్తే నది, మధ్యలోని లంకలను కలుపుకుంటే అయిదారు కిలోమీటర్ల వెడల్పు. పైకి పాపికొండల్లోకి పడవలో వెళితే అదే నీరంతా రెండు కొండల మధ్య కొన్ని వందల మీటర్ల గండిలో ఇమిడిపోతుంది. నీళ్లు అవే, నది అదే, పట్టు మాత్రం గండి దగ్గర. నదికి అడ్డుకట్ట వేయాలనుకునేవాడు ముందుగా ఇరుకు చోటు వెతుకుతాడు.

ప్రోటీన్ల ముఖాల్లోనూ అలాంటి ఇరుకు చోట్లు ఉంటాయని 1995లో టిమ్ క్లాక్సన్, జేమ్స్ వెల్స్ చూపించారు. మనిషి ఎదుగుదల హార్మోను దాని గ్రాహకాన్ని పట్టుకునే తీరును వారు పరీక్షించారు. గ్రాహకం వైపున ఒక్కొక్క అమైనో ఆమ్లాన్నే మార్చి చూశారు. రెండు వైపులా దాదాపు ముప్పయ్యేసి అమైనో ఆమ్లాలు ఒకదానికొకటి తగులుతున్నా, బంధబలంలో మూడొంతులకు పైగా నడిమిన ఉన్న ఒక చిన్న జాగా నుంచే వస్తోంది. అందులోనూ రెండు ట్రిప్టోఫాన్‌లదే పెద్ద వాటా. ఇలాంటి చోట్లను హాట్ స్పాట్‌లు అన్నారు. ముఖమంతా కప్పనక్కర్లేదు, ఆ రెండు మూడు బిందువుల్ని ఆక్రమిస్తే పొత్తు విడిపోతుంది. ఈ శాస్త్రశాఖ మొత్తం ఆ ఒక్క గ్రహింపు మీద నిలబడి ఉందంటే అతిశయోక్తి కాదు.

మరో దారి కూడా ఉంది. పొత్తు కలిసే చోట కాకుండా ప్రోటీన్‌లో మరెక్కడో ఉన్న గుంటలో అణువు కూర్చుని, మొత్తం ఆకారాన్ని కొంచెం మెలితిప్పుతుంది. కలవాల్సిన ముఖం వంకరపోతుంది. వైద్యంలో నిలదొక్కుకున్న మందుల్లో ఈ రెండో దారివి తక్కువేమీ కాదు.

తొలి అడుగులు

వైరస్ ప్రోటీన్ల జోడీని విడగొట్టవచ్చనే మొదటి గట్టి రుజువు హెర్పిస్ నుంచి వచ్చింది. ఆ వైరస్‌లోని రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ రెండు భాగాలుగా ఉంటుంది, ఒక పెద్దది, ఒక చిన్నది. రెండూ కలిస్తేనే పని. 1986లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా ఒక సంగతి కనిపెట్టాయి. చిన్న భాగం తోకలోని తొమ్మిది అమైనో ఆమ్లాల ముక్కను విడిగా తయారుచేసి కలిపితే, అది పెద్ద భాగాన్ని ముందే పట్టేసుకుంటుంది, అసలు తోకకు చోటు దొరకదు. అందులోనూ ఆ ముక్క మనిషి ఎంజైమ్ జోలికి పోలేదు. దీన్ని మెరుగుపరిచి 1994లో బోరింగర్ ఇంగెల్‌హైమ్ శాస్త్రవేత్తలు చేసిన అణువు ఎలుకల కంటి హెర్పిస్‌ను తగ్గించింది. మనుషుల మందుగా అది నిలవలేదు. కానీ తలుపు తెరుచుకుంది.

దాదాపు అదే కాలంలో జలుబు వైరస్ కథ మరో వైపు నుంచి నడిచింది. 1985లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మైకేల్ రాస్‌మన్ బృందం ఒక రైనోవైరస్ తొడుగు నిర్మాణాన్ని పరమాణు స్థాయిలో చూపించింది. ఆ తొడుగు గోడలో ఒక గుంట ఉంది. మరుసటి ఏడాదే అందులో ఒక మందు అణువు ఇరుక్కుని ఉండటాన్నీ చూపించారు. ఆ గుంట నిండితే తొడుగు బిగుసుకుపోతుంది, కణాన్ని పట్టుకోవడమో, లోపల విచ్చుకోవడమో కుదరదు. ఈ వంశంలో చివరిదాకా వచ్చిన ప్లెకొనారిల్‌ను 2002లో అమెరికా ఎఫ్‌డీఏ తిరస్కరించింది. జలుబును ఒక రోజు ముందు తగ్గించే మందు, గర్భనిరోధక మాత్రల పనిని చెడగొట్టే ప్రమాదం ఉన్నప్పుడు, ఎవరికి కావాలి? ఆ తీర్పు సబబే అనిపిస్తుంది. కానీ ఆ గుంట చూపిన పాఠం తర్వాత హెచ్‌ఐవీకి పనికొచ్చింది.

తలుపు దగ్గరి కాపలా

హెచ్‌ఐవీ కణంలోకి దూరే క్రమం మూడు మెట్లు. పైనున్న జీపీ120 అనే ప్రోటీన్ ముందు సీడీ4 అనే గ్రాహకాన్ని పట్టుకుంటుంది. తర్వాత సీసీఆర్5 అనే రెండో గ్రాహకాన్ని. ఆపైన జీపీ41 అనే ప్రోటీన్ చేపల వేట బల్లెంలా చాచుకుని కణపు పొరలో గుచ్చుకుని, మడత పడుతూ రెండు పొరలనూ దగ్గరికి లాగుతుంది. మూడు మెట్లకూ మూడు మందులు వచ్చాయి, మూడూ మూడు రకాలు.

మడత పడకుండా ఆపే ఎన్‌ఫువిర్టైడ్ 2003లో వచ్చింది. అది చిరు అణువు కాదు, 36 అమైనో ఆమ్లాల గొలుసు. నూటికి పైగా మెట్ల తయారీ, రోజుకు రెండు ఇంజెక్షన్లు, గుచ్చిన చోటల్లా గడ్డలు. పనిచేస్తుంది, కానీ రోగి ఒళ్లు ఒప్పుకోదు. పొత్తు చెరపడానికి చిరు అణువే ఎందుకు కావాలో ఈ మందు అనుభవం చెప్పినంత బాగా ఇంకేదీ చెప్పలేదు.

రెండో మెట్టు మీద ఫైజర్ తెచ్చిన మరావిరోక్ 2007లో ఆమోదం పొందింది. అది వైరస్‌ను ముట్టుకోదు, మన సీసీఆర్5 లోపలి గుంటలో కూర్చుని దాని ఆకారం మారుస్తుంది. ఈ ఆలోచనకు దారి చూపింది ప్రకృతే. సీసీఆర్5 జన్యువులో 32 అక్షరాలు పోయినవారికి, తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే లోపం వచ్చి ఉంటే, సీసీఆర్5 వాడే రకం హెచ్‌ఐవీ సోకదని 1996లో తేలింది. ఉత్తర ఐరోపాలో నూటికి ఒకరిద్దరిలో కనిపించే ఈ వరం మన దేశంలో చాలా అరుదు. మరావిరోక్‌కు ఉన్న చిక్కు వేరు. సీసీఆర్5 మూసేస్తే సీఎక్స్‌సీఆర్4 అనే పక్క తలుపు వాడే వైరస్‌లు మిగులుతాయి. అందుకే మందు మొదలుపెట్టే ముందు రోగిలో ఏ రకం ఉందో ఖరీదైన పరీక్ష చేయించాలి. పేద దేశాల పథకాల్లో దీనికి చోటు దొరకకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మొదటి మెట్టు మీద పనిచేసే ఫోస్టెంసావిర్ 2020లో వచ్చింది. జీపీ120 మీదే కూర్చుని సీడీ4ను పట్టుకోనివ్వదు. ఇతర మందులన్నీ విఫలమైన రోగులకు వాడతారు.

వెదురు బుట్ట

హెచ్‌ఐవీ తన జన్యుపదార్థాన్ని ఒక శంకువు ఆకారపు తొడుగులో దాచుకుంటుంది. దీన్నే క్యాప్సిడ్ అంటారు. పొడవు సుమారు 120 నానోమీటర్లు, వెడల్పు దాదాపు 60. ఒకే రకం ప్రోటీన్ సుమారు 1,500 ప్రతులుగా చేరి, ఆరేసి కలిసిన షట్కోణాలుగా అల్లుకుంటుంది. షట్కోణాలతో మాత్రమే అల్లితే చాప అవుతుంది, మూసుకున్న బుట్ట కాదు. మూయడానికి మధ్యమధ్య సరిగ్గా పన్నెండు పంచకోణాలు కావాలి, ఫుట్‌బాల్ మీద ఉన్నట్టే.

పాపికొండల్లో కొండరెడ్లు అల్లే వెదురు బుట్టను ఎవరైనా చేత్తో నొక్కి చూడవచ్చు. కొంచెం సాగుతుంది, వంగుతుంది, మళ్లీ తన రూపానికి వస్తుంది. బద్ద ఎండి బిగుసుకుంటే చిట్లిపోతుంది. క్యాప్సిడ్‌కూ ఆ సాగుబాటే ప్రాణం. కణద్రవంలో విడిపోకుండా ఉండాలి, కేంద్రకం తలుపులోంచి నలుగుతూ లోపలికి దూరాలి, సరైన చోట, సరైన వేళకు విచ్చుకోవాలి. ఈ దారి పొడవునా మన కణంలోని సీపీఎస్‌ఎఫ్6, ఎన్‌యూపీ153 అనే ప్రోటీన్లు దాన్ని చేయిపట్టి నడిపిస్తాయి. అవి పట్టుకునేది అల్లికలో పక్కపక్క ప్రోటీన్ల మధ్య ఉన్న ఒక గుంటను.

2010లో ఫైజర్ శాస్త్రవేత్తలు పీఎఫ్74 అనే అణువు ఆ గుంటలో కూర్చుంటుందని చూపించారు. అది శరీరంలో త్వరగా విరిగిపోయేది, మందుకు పనికిరాలేదు. గిలియడ్ సంస్థ అదే గుంటను లక్ష్యం చేసుకుని ఏళ్లకు ఏళ్లు పనిచేసి తెచ్చిన లెనకపవిర్ 2022లో ఐరోపాలోనూ అమెరికాలోనూ ఆమోదం పొందింది. బరువు 968 డాల్టన్లు, చిరు అణువు హద్దుకు దాదాపు రెట్టింపు. ఒక్క అణువులో పది ఫ్లోరిన్ పరమాణువులు. శరీరపు ఎంజైమ్‌లు దాన్ని కొరకలేవు. నీటిలో దాదాపు కరగదు. మామూలుగా ఇవన్నీ మందుకు దోషాలు. ఇక్కడ అవే గుణాలయ్యాయి. పొట్ట చర్మం కింద ఇచ్చిన మోతాదు గడ్డలా నిలిచి, ఆరు నెలల పాటు చుక్కచుక్కగా ఊరుతుంది.

ఈ మందు పొత్తును చెరుపుతుందని చెప్పడంలో ఒక సవరణ అవసరం. సీపీఎస్‌ఎఫ్6తో, ఎన్‌యూపీ153తో క్యాప్సిడ్ పొత్తును నిజంగానే చెరుపుతుంది, వాటి చోటే ఆక్రమిస్తుంది కనుక. కానీ క్యాప్సిడ్ ప్రోటీన్ల మధ్య పొత్తును మాత్రం మరీ బిగిస్తుంది. షట్కోణాలు బిగుసుకుపోతాయి, పంచకోణాల దగ్గర బుట్ట మూసుకోదు, అల్లిక పెళుసై చిట్లుతుంది. కొత్తగా పుట్టే వైరస్‌లలోనూ తొడుగు వంకరటింకరగా తయారవుతుంది. వైరస్ జీవితంలో మొదట్లోనూ చివర్లోనూ ఒకే అణువు దెబ్బతీయడం ఇందుకే. విడగొట్టినా చెడుతుంది, అతిగా అతికించినా చెడుతుంది. ఈ రంగంలో నిరోధకం అనే మాట ఇప్పుడు ఈ రెండింటినీ కలుపుకుంటోంది.

నివారణలో దాని ఫలితం అసాధారణం. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో యువతుల మీద జరిగిన పర్పస్ 1 పరీక్షలో లెనకపవిర్ పొందిన 2,134 మందిలో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. పోల్చి చూడటానికి రోజువారీ మాత్రలు ఇచ్చిన గుంపుల్లో సోకింది. పర్పస్ 2లో దాదాపు 2,180 మందిలో ఇద్దరికి మాత్రమే సోకింది. నివారణ మందుగా ఎఫ్‌డీఏ ఆమోదం 2025 జూన్‌లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు ఆ తర్వాతి నెలలో వచ్చాయి.

ప్రతిఘటన రాదని కాదు. క్యాప్సిడ్‌లో 66వ, 67వ, 74వ స్థానాల్లో మార్పులు వచ్చిన వైరస్‌లు మందును తప్పించుకుంటాయి. కానీ 66వ స్థానం మార్చుకున్న వైరస్ బాగా నీరసిస్తుంది. మందు కూర్చునే గుంట దాని సొంత నడకకూ అవసరమైనదే కనుక, మందును వదిలించుకోవాలంటే తన కాలు తానే విరగ్గొట్టుకోవాలి. పొత్తు ముఖాలను లక్ష్యం చేసుకోవడం వెనక ఉన్న పెద్ద ఆశ ఇదే. అన్నిచోట్లా అది ఫలించలేదన్నది వేరే మాట.

హైదరాబాద్ రియాక్టర్లు

లెనకపవిర్ కథలో తెలుగు నేల పాత్ర కనిపెట్టడంలో కాదు, చేసి చవగ్గా అందించడంలో. అది చిన్న పాత్రేమీ కాదు. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఖ్యలో ఆంధ్రప్రదేశ్ దేశంలోని మొదటి మూడు రాష్ట్రాల్లో ఒకటి. దేశంలో దాదాపు 25 లక్షల మంది ఉంటే, ఇక్కడే మూడు లక్షలకు పైన. కోస్తా జాతీయ రహదారి పొడవునా, గోదావరి జిల్లాలతో సహా, ఈ భారం ఎక్కువ. కాకినాడ, రాజమండ్రి ప్రభుత్వాసుపత్రుల్లో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాలకు నెలనెలా వచ్చి మందు డబ్బా ఎవరికంటా పడకుండా సంచిలో దాచుకుపోయేవారికి, ఆరు నెలలకో సూది అంటే ఏమిటో విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆ రోజు ఇంకా రాలేదు. చికిత్సలో ఇప్పటికి లెనకపవిర్‌ను ఇతర మందులకు లొంగని రోగులకే, మరికొన్ని మందులతో కలిపి వాడుతున్నారు.

హెచ్‌ఐవీ మందుల తయారీలో హైదరాబాద్ అనుభవం మూడు దశాబ్దాలది. గుంటూరులో పుట్టిన రసాయన శాస్త్రవేత్త ఎ.వి. రామారావు భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు, అంటే ఐఐసీటీకి, డైరెక్టరుగా ఉన్న కాలంలో జిడోవుడిన్‌ను చవగ్గా తయారుచేసే పద్ధతి అక్కడ రూపొందింది. సిప్లా దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. 1970 పేటెంటు చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చేది, కాబట్టి కొత్త దారి కనిపెట్టిన రసాయనికుడికి మార్కెట్ తెరుచుకునేది. 2001లో సిప్లా రోజుకు డాలరు లోపు ఖర్చయ్యే మూడు మందుల కలయికను ప్రకటించినప్పుడు ప్రపంచం ఉలిక్కిపడింది. ఆ తర్వాత హెటెరో, అరబిందో, మ్యాట్రిక్స్, ఇంకా వెనక లారస్, ఆఫ్రికా దేశాల ఎయిడ్స్ పథకాలకు ముడి మందును, మాత్రలను పంపే పెద్ద సరఫరాదారులయ్యాయి. 2005లో మందుకే పేటెంటు తిరిగి వచ్చాక ఆట మారింది. ఇప్పుడు కొత్త మందు చేయాలంటే లైసెన్సు కావాలి.

2024 అక్టోబరులో గిలియడ్ ఆరు జనరిక్ సంస్థలకు లెనకపవిర్ తయారీ లైసెన్సు ఇచ్చింది, 120 దేశాల్లో అమ్ముకోవడానికి. అందులో డాక్టర్ రెడ్డీస్, హెటెరో రెండూ హైదరాబాద్‌వే. ఆరింటిలో మరొకటి మైలాన్. ఒకప్పటి మ్యాట్రిక్స్ ప్రయోగశాలలు కలిసిపోయింది దాంట్లోనే. అమెరికాలో ఈ మందు ఏడాదికి 28 వేల డాలర్ల పైచిలుకు. పెద్ద ఎత్తున చేస్తే మనిషికి ఏడాదికి 40 డాలర్లకు దిగవచ్చని లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ హిల్ బృందం 2024లో లెక్కగట్టింది. మొదట చాలామంది ఆ అంకెను ఆశావాదుల లెక్కగా కొట్టిపారేశారు. 2025 సెప్టెంబరులో డాక్టర్ రెడ్డీస్, హెటెరో వేర్వేరు ఒప్పందాల్లో 2027 నుంచి సరిగ్గా ఆ ధరకే ఇస్తామని ప్రకటించాయి. మొదటిదానికి యునిటెయిడ్, క్లింటన్ హెల్త్ యాక్సెస్ ఇనిషియేటివ్, రెండోదానికి గేట్స్ ఫౌండేషన్ తోడు నిలిచాయి.

పది ఫ్లోరిన్లున్న, మెలితిరిగిన రెండు రూపాల మధ్య ఊగే ఈ అణువును టన్నుల లెక్కన చేయడం చిన్న పనేమీ కాదు. బయటి ప్రపంచం కనిపెట్టినవాడి పేరు గుర్తుంచుకుంటుంది. పటాన్‌చెరు, జీడిమెట్ల రియాక్టర్ల దగ్గర దిగుబడి ఒక శాతం పెంచిన ప్రాసెస్ కెమిస్ట్ పేరు ఏ విజ్ఞాన సర్వస్వంలోనూ కనిపించదు.

ఇతర వైరస్‌లు, పసుపు ముచ్చట

హెచ్‌ఐవీలోనే మరో పొత్తు ఉంది. ఇంటిగ్రేజ్ అనే ఎంజైమ్ మన కణంలోని ఎల్‌ఈడీజీఎఫ్ ప్రోటీన్‌ను పట్టుకుని క్రోమోజోమ్ మీదికి చేరుతుంది. బెల్జియంలోని లూవెన్‌లో జేగర్ డెబైజర్ బృందం 2010లో ఆ పట్టును విడగొట్టే అణువులను ప్రకటించింది. వాటి అసలు దెబ్బ అక్కడ కాదని తర్వాత తేలింది. ఇంటిగ్రేజ్‌ను ఒకదానికొకటి అతిగా అతికించి, కొత్త వైరస్ ముదరకుండా చేస్తున్నాయి. మళ్లీ అదే పాఠం. హెపటైటిస్ బి తొడుగుకూ ఇలాంటి అణువులు చాలా వచ్చాయి. రక్తంలో వైరస్‌ను తగ్గించాయి, అందరూ కోరుకున్న పూర్తి నయం చేతికందలేదు. ఇన్‌ఫ్లుయెంజాలో పీఏ, పీబీ1 ప్రోటీన్ల జోడీని, హెచ్‌పీవీలో ఈ1, ఈ2 జోడీని విడగొట్టేవి ప్రయోగశాలల్లో ఉన్నాయి. 2019లో ఒక ప్రతిరక్షకం ఫ్లూ వైరస్ కాండాన్ని పట్టుకునే తీరును అచ్చు గుద్దినట్టు అనుకరించే చిరు అణువును తయారుచేశారు. ప్రతిరక్షకం పనిని మాత్ర చేయగలదని చూపినందుకు అది గుర్తుండిపోతుంది.

కోవిడ్ కాలంలో వైరస్ స్పైక్ ప్రోటీన్, మన కణాల మీది ఏసీఈ2 గ్రాహకం మధ్య పొత్తు మీద లెక్కలేనన్ని పరిశోధన పత్రాలు వచ్చాయి. ఎక్కువభాగం కంప్యూటరు తెర మీద చేసిన డాకింగ్ లెక్కలు. వంటింటి దినుసుల్లోని అణువులను ఒక్కొక్కటిగా స్పైక్ మీద కూర్చోబెట్టి, బాగా అతుకుతోందని రాసినవి వందల్లో ఉన్నాయి. పసుపులోని కర్‌క్యుమిన్ వాటిలో మొదటి వరస. దుగ్గిరాల పసుపు యార్డు ఉన్న నేలకు అది విని సంతోషం కలగడం సహజమే. కానీ కర్‌క్యుమిన్ ప్రయోగశాల పరీక్షల్లో దేనికైనా అతుక్కున్నట్టు కనిపించే జాతి అణువు. పరీక్షనే మభ్యపెడుతుంది. ఇలాంటివాటికి రసాయన శాస్త్రంలో పెయిన్స్ అని ఒక ముద్దుపేరు కూడా ఉంది. పసుపు పులుసులో మంచిదే, వైరస్ మందని రుజువు కాలేదు. ఆ పొత్తును చెరిపే చిరు అణువు మందు కోవిడ్‌కు రాలేదు. పాక్స్‌లోవిడ్‌లోని నిర్మాట్రెల్విర్ వైరస్ ఎంజైమ్ గుంటలో కూర్చునే పాత తరహా మందే.

మనుషులకు మాత్రమే ఇది పరిమితం కాదు. 1990ల మధ్యలో కోస్తా రొయ్యల చెరువులను ఊడ్చేసిన తెల్లమచ్చల వైరస్ పైపొరలోని వీపీ28 ప్రోటీన్, రొయ్య కణాల్లోని రాబ్7 ప్రోటీన్‌ను పట్టుకుంటుందని 2006లో తేలింది. లక్ష్యం తెలుసు. చెరువులో వేసే మందు లేదు. భీమవరం రైతు ఇప్పటికీ వైరస్ లేని పిల్లను కొనడం, చెరువు చుట్టూ పీతలు రాకుండా వల కట్టడం మీదే ఆధారపడుతున్నాడు.

ఏజెన్సీ జ్వరాలకు ఒక అణువు

వానాకాలం ముదిరితే పోలవరం ఏజెన్సీ మండలాల నుంచి విష జ్వరాల వార్తలు మొదలవుతాయి. ఆ ఒక్క మాటలో మలేరియా, డెంగీ, టైఫాయిడ్ అన్నీ కలిసిపోతాయి, రక్తపరీక్ష జరిగితేగాని ఏదో తెలియదు. మలేరియా అని తేలితే మందుంది. డెంగీ అని తేలితే లేదు. దేశంలో 2023లో నమోదైన డెంగీ కేసులు 2.89 లక్షలు. నమోదు కానివి ఎన్నో రెట్లు.

ఈ తరగతి మందుల్లో ఈ నేలకు అన్నిటికన్నా దగ్గరిది ఇక్కడే వస్తుంది. డెంగీ వైరస్‌కు నాలుగు రకాలు. ఒక రకం వచ్చి తగ్గాక మరో రకం సోకితే జబ్బు మరింత తీవ్రం కావచ్చు. అందుకే టీకా తయారీ ఇంత చిక్కు. మందు పనిచేస్తే నాలుగింటి మీదా పనిచేయాలి. లూవెన్ విశ్వవిద్యాలయంలో జోహాన్ నైట్స్ బృందం, జాన్సన్ అండ్ జాన్సన్ పరిశోధకులు కలిసి వేల అణువులను జల్లెడ పట్టి, దొరికిన ఒకదాన్ని సుమారు రెండు వేల రూపాల్లో మార్చి చూసి, 2021లో జేఎన్‌జే-ఏ07 అనే అణువును ప్రకటించారు. పరీక్షించిన నాలుగు రకాల వైరస్‌లన్నిటి మీదా అది అతి తక్కువ మోతాదులో పనిచేసింది.

అది చెరిపే పొత్తు వైరస్ సొంత ప్రోటీన్ల మధ్యదే. ఎన్‌ఎస్3 అనేది వైరస్ ప్రోటీన్ గొలుసును కోసే కత్తి, జన్యుపదార్థం మెలికలు విప్పే చెయ్యి. ఎన్‌ఎస్4బీ కణం లోపలి పొరలో పాతుకుని, ఆ చేతికి నిలకడ ఇచ్చే గుంజ. రెండూ కలిస్తేనే నకళ్ల కర్మాగారం నడుస్తుంది. మందు ఎన్‌ఎస్4బీకి అతుక్కుని ఎన్‌ఎస్3ను దగ్గరికి రానివ్వదు. అయితే అప్పటికే కట్టుకున్న జంటను విడదీయడంలో దానికి బలం తక్కువ. కొత్త జంట కుదరకుండా చూడటమే దాని నేర్పు. కాబట్టి జ్వరం ముదిరాక ఇవ్వడం కన్నా ముందే ఇస్తే లాభం ఎక్కువ.

దాని తోబుట్టువు మోస్నోడెన్‌విర్‌ను మనుషుల్లో పరీక్షించారు. అమెరికాలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఆరోగ్యవంతులకు మందు మొదలుపెట్టి, బలహీనపరిచిన డెంగీ మూడో రకం వైరస్‌ను ఎక్కించి చూశారు. పెద్ద మోతాదు పొందిన పదిమందిలో ఆరుగురి రక్తంలో వైరస్ జాడే కనిపించలేదు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారందరిలోనూ కనిపించింది. ఈ ఫలితాన్ని 2023 అక్టోబరులో షికాగోలో ప్రకటించారు. రోజూ వేసుకునే మాత్రతో డెంగీని ఆపవచ్చని మనుషుల్లో చూపడం అదే మొదటిసారి.

సరిగ్గా ఏడాది తర్వాత, 2024 అక్టోబరులో, జాన్సన్ అండ్ జాన్సన్ ఆ మందు మీద నడుస్తున్న క్షేత్ర పరీక్షను ఆపేసింది. మందులో లోపమో, ప్రమాదమో బయటపడి కాదు. అంటువ్యాధుల పరిశోధనకు ప్రాధాన్యం తగ్గించుకోవాలన్న వ్యాపార నిర్ణయం. హెచ్‌ఐవీ మందుకు మొదట ధనిక దేశాల మార్కెట్ ఉంది, ఆ తర్వాతే హైదరాబాద్ రియాక్టర్ల వంతు వచ్చింది. డెంగీ ఎక్కువగా మనలాంటి చోట్ల వచ్చే జబ్బు, దానికి ఆ మొదటి మెట్టే లేదు.

ప్రస్తుతానికి ఏజెన్సీ ఆసుపత్రి మంచం మీద డెంగీ రోగికి అందేది పారాసిటమాల్, సెలైన్, పొద్దున్నా సాయంత్రం ప్లేట్‌లెట్ల లెక్క. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ ఇవ్వకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. మంచం పక్కన చెంబులో, ఎవరో తెచ్చిన బొప్పాయి ఆకు రసం.